అడుగు బొంత బరువు

నేల సెలవు పంతొమ్మిదో ఏడు, పుష్యమాసం. జోడుబండ శిబిరం.
ఊయలల పుస్తకం. రాస్తున్నది గొర్లె తవిటయ్య, బొంతల పని.

రెండో రోజు. తెల్లవారి చలి 4 డిగ్రీలు.

నిన్న రాయలేదు. కొండెక్కేసరికి వేళ్లు కలం పట్టే స్థితిలో లేవు. కింద నేల కచేరీలో ఈ పుస్తకం చేతికిస్తూ మూడు షరతులు చెప్పారు. రోజూ రాయాలి, అబద్ధం రాయకూడదు, కవిత్వం అసలే రాయకూడదు. మొదటిది మొదటి రోజే తప్పింది. మిగతా రెండింటి సంగతి చూద్దాం.

మేం నలుగురం. మత్స్యలింగం శిబిరానికి పెద్ద. ఇందిర తాళ్ల మనిషి, చెట్టు నుంచి చెట్టుకి తాడు దారి కట్టడం ఆమె పని. వంతల గాసెమ్మ ఊట మనిషి, నేల కింద నీటి జాడ చెబుతుంది. నాలుగోవాణ్ణి నేను. నీరు తిరిగొచ్చే వరకూ ఈ నేలకి మనుషుల నుంచి సెలవు, దాని మీద అడుగు వేయకూడదు, పడుకోకూడదు, ఉమ్మి కూడా వేయకూడదు కాబట్టి నలభై రోజులూ నాలుగు ఊయలల్లో వేలాడుతూ బతకాలి. నడవాలంటే తాడు దారి ఉంది, లేదంటే కచేరీ వాళ్లు పరిచిన అడుగు రాళ్లున్నాయి. ఎవరి వీపూ చల్లబడకుండా చూడటం నా ఉద్యోగం.

ఊయలలో చలి పై నుంచి రాదు, కింది నుంచి వస్తుంది. ఎంత మందం దుప్పటి పరుచుకున్నా మన బరువుకి అది అణిగిపోయి కాగితమైపోతుంది. అందుకే ఊయలకి బయట, అడుగున, ఇంకో బొంత వేలాడదీస్తాం. దాని మీద మన బరువు పడదు. దాన్ని సాగుతాళ్లతో ఎంత ఎత్తుకి లాగాలి, ఎక్కడ వదలాలి అన్నదే నా విద్య అంతా.

ఆ విద్య నిన్న ఇలా వెలిగింది. మాది మూడు తరాలుగా నులక మంచాలు అల్లే ఇల్లు. మంచం వదులైతే ఇంటి పరువు వదులైనట్టే అనేవాడు మా తాత. ఆ రక్తం ఊరుకుంటుందా? నలుగురి అడుగు బొంతలూ నాకు చేతనైనంత బిగించి కట్టాను. వేలితో కొడితే డప్పులా మోగాయి. పొద్దున్న నలుగురం వణుకుతూ లేచాం. వీపు బిళ్లలు చూస్తే ఎవరివీ 30 దాటలేదు. బిళ్ల అంటే రూపాయంత ఉంటుంది, నడుముకి పట్టీతో కట్టుకుని పడుకుంటే రాత్రి మొత్తంలో వీపు ఎంత చల్లబడిందో చెబుతుంది. 33 ఉంటే హాయి. 28కి తగ్గితే ఎర్ర గీత గీయాలి. ఒకే మనిషికి వరసగా మూడు ఎర్ర గీతలు పడితే ఆ మనిషి అదే రోజు కొండ దిగాలి.

నా పరువు కాపాడుకోవడానికి ఒక గట్టి ఆజ్ఞ జారీ చేశాను. ఎవరి బొంత వాళ్లు లేవగానే తాడు మీద ఎండకి వేయాలి, సాయంత్రం నేను వచ్చి కడతాను అని. బొంతల పని నేర్పే కర్మశాలలో మాకు చెప్పిన మొదటి పాఠం అదే. ముగ్గురూ తల ఊపారు.

మూడో రోజు. చలి 3.

గాసెమ్మ నా పనితనం చూడటానికి అడుగు రాళ్ల మీదుగా మెల్లగా వచ్చింది. ఆవిడకి మోకాళ్లు సరిగ్గా వంగవు. అందుకే అందరిలోకీ కింద ఉన్న రెండు మద్దిచెట్ల మధ్య, రాళ్లకి దగ్గరగా, ఆవిడ ఊయల కట్టాం. మిగతా మూడూ పైన ఉన్నాయి, ఎక్కడానికి తాడు కావాలి. ఆవిడ నా బొంతని వేలితో నొక్కి చూసి ఇలా అంది.

"ఏటి తవిటీ, మంచం అల్లినావేటి? పొదిగీ కోడిని సూడ్లేదా నువ్వు. రెక్కలు బిగించదు. వొదులుగా కప్పీసి కూకుంటాది. మద్దెన గాలుంటాది కదా, ఆ గాలే ఎచ్చన."

మూడు తరాల విద్య ఒక కోడి ముందు ఓడిపోయింది. సాగుతాళ్లు వదిలాను. మొదట మరీ వదిలేశాను, బొంత ఊయలకి జానెడు కిందకి జారిపోయింది, ఆ సందులోంచి గాలి ఈల వేసుకుంటూ వెళ్లింది. మళ్లీ కొంచెం పైకి లాగాను. నేనే పడుకుని, లేచి, మళ్లీ పడుకుని, చివరికి ఒక కొలత పట్టాను. ఊయలకీ బొంతకీ మధ్య అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. ఆవిడని ఇక నుంచి పెద్దమ్మా అని పిలవడం మొదలుపెట్టాను. గురువుని పేరుతో పిలవకూడదు కదా.

ఆరో రోజు. చలి 2.

మత్స్యలింగం 33. ఇందిర 33. నేను 34. గాసెమ్మ 29.

అరచెయ్యి కొలత ముగ్గురికి పనిచేసింది. కొలత చెప్పిన మనిషికి మాత్రం పనిచేయలేదు.

ఈ రోజు అంబలి తాగుతుండగా మత్స్యలింగం కచేరీ నుంచి వచ్చిన ఉత్తరం సంగతి చెప్పాడు. పంతొమ్మిదేళ్లుగా సెలవులో ఉన్నా జోడుబండ దగ్గర నీరు తిరిగి రాలేదు కాబట్టి ఇదే చివరి శిబిరం అట. ఈ నలభై రోజుల్లో జాడ దొరక్కపోతే సెలవు రద్దు చేసి కొండని రాయి కోసం ఇచ్చేస్తారు. ఊట మనిషి మధ్యలో దిగిపోయినా శిబిరం ఎత్తేసినట్టే. ఆవిడకి వచ్చే నెల అరవై రెండు నిండుతాయి, ఆ తర్వాత కొండెక్కనివ్వరు.

గాసెమ్మ అంబలి ఖాళీ చేసింది. గిన్నె కడిగిన నీళ్లు తాగేసింది, అది ఇక్కడ నియమం. ఆవిడ లేచి వెళ్లాక ఇందిర నాకు మిగతాది చెప్పింది. ఈ వాలు మీద పదకొండు గడపల ఊరు ఉండేది, అది గాసెమ్మ ఊరు. ఊట ఎండిపోయాక నేలకి సెలవు ఇద్దామని కచేరీ వాళ్లు వస్తే మొదట వేలిముద్ర వేసింది ఆవిడే. ఆవిడని చూసి మిగతా పది గడపలూ వేశాయి. అందరూ కిందకి దిగిపోయారు. నీళ్లు తిరిగి రాకపోతే ఆ పది గడపల వాళ్లకి ఏం చెబుతుంది?

ఇది విన్నాక 29 అనే అంకె నాకు వేరేగా కనిపించింది. నాకు భయం వేసింది, దాచడం దేనికి.

తొమ్మిదో రోజు. చలి 1.

గాసెమ్మ 28 మీద అర. గీత గీయలేదు, గీతకి అర డిగ్రీ పైన ఉంది.

మధ్యాహ్నం ఆవిడ ఊయలలో నేను పడుకుని కోడి ఈక ఒకటి పట్టుకుని బొంత చుట్టూ గాలి వెతికాను. తల వైపు మూతిలో ఈక వణికింది. సంచి మూతి బిగించినట్టు అక్కడి తాడు బిగించాను. కాళ్ల వైపు కూడా. ఊయలలో నిటారుగా కాక కొంచెం ఏటవాలుగా పడుకుంటే వీపు చదునుగా ఉంటుందని, బొంత మొత్తం తగులుతుందని చెప్పాను. ఆవిడ ఏటవాలుగా పడుకుని చూపించింది. బొంత మధ్యలో దూది ఒక పక్కకి జరిగితే చేత్తో సర్ది రెండు కుట్లు వేశాను. దూది పొడిగా, మెత్తగా, ఎండ వాసన వేస్తోంది. ఇంత మంచి బొంత అడుగున ఉండగా మనిషికి చలి ఎందుకు వేస్తుందో నాకు అంతుపట్టలేదు.

అంతుపట్టని విషయం నాకు అంబలి తాగాక పంటిలో ఇరుక్కున్న చోడిపొట్టు లాంటిది. నాలుక అక్కడికే పోతుంది.

నీటి సూదుల లెక్క కూడా ఇక్కడ రాస్తున్నాను. పైన జంట బండల దగ్గర, పాత ఊట మూతి చుట్టూ, లోపలి తడిని పట్టే సూదులు పన్నెండు నేలలో దిగి ఉన్నాయి. గాసెమ్మ రోజూ రాళ్ల మీద నిలబడి వాటిని చదువుతుంది. పన్నెండూ పొడి.

పదకొండో రోజు. చలి 0.

గాసెమ్మ 35!

ఈ పుస్తకంలో ఆశ్చర్యార్థకం వాడటం ఇదే మొదటిసారి. కుట్లు పనిచేశాయి. సాయంత్రం చోడిపిండిలో బెల్లం కలిపి నలుగురికీ రొట్టె చేశాను. మత్స్యలింగం నా వీపు తట్టాడు. నేను మా తాత గురించి అరగంట మాట్లాడాను.

పన్నెండో రోజు. చలి 0.

గాసెమ్మ మళ్లీ 35. మిగతా ముగ్గురం 32.

నిన్నటి సంతోషం ఈ అంకె దగ్గర ఆగిపోయింది. వీపు చర్మం ఈ చలిలో 35 ఎలా ఉంటుంది? పొయ్యి పక్కన కూర్చుంటే కూడా నాది 34 దాటలేదు. 35 ఉండే చోటు ఒంటి మీద ఒకటే ఉంది. వెళ్లి ఆవిడ పక్కన రాయి మీద కూర్చుని, బిళ్ల ఎక్కడ పెట్టుకుని పడుకుంటున్నావు పెద్దమ్మా అని అడిగాను.

"సంకలో పెట్టుకున్నాను," అంది. "నిజం అంకె సూస్తే పంపీస్తావని."

నాకు కోపం రావాలి. రాలేదు. రొట్టెలో కలిపిన బెల్లం గురించి మాత్రం కాస్త బాధగా ఉంది. ఈ పుస్తకంలో అబద్ధం రాయకూడదని చెప్పాను. నిజమే రాయమంది. రేపటి నుంచి పట్టీ నేనే కడతానని చెబితే, కట్టు నాయినా, నీ పని నువ్వు సెయ్యాల గదా అంది. పదకొండు, పన్నెండు రోజుల అంకెలు కొట్టేస్తున్నాను. ఆ రెండు రోజులూ నిజం ఎంతో ఎవరికీ తెలియదు.

పదమూడో రోజు. చలి -1.

గాసెమ్మ 27. ఎర్ర గీత, ఒకటి.

ముందు తప్పు బొంతదా కాదా తేల్చాలి. నిన్న సాయంత్రం ఇందిర బొంత గాసెమ్మ ఊయలకీ, గాసెమ్మ బొంత ఇందిర ఊయలకీ కట్టాను. గాసెమ్మ బొంత మీద ఇందిర 33తో లేచింది. ఇందిర బొంత మీద గాసెమ్మ 27. కాబట్టి బొంత నిర్దోషి.

మత్స్యలింగం నన్ను పక్కకి పిలిచి, బొంత కాకపోతే ఇంకేముంది, వయసు అన్నాడు. ఆవిడ అతనికి అత్త వరస. ఆ మాట అంటున్నప్పుడు అతని ముఖం చూడాలనిపించలేదు. ఒంట్లో వేడి పుట్టకపోతే ఏ బొంతా ఏమీ చేయలేదన్నది నిజమే, బొంత వేడిని ఆపుతుంది గానీ పుట్టించదు. కానీ అదే మనిషి నా కళ్ల ముందు చన్నీళ్లతో ముఖం కడుక్కుని, మా ముగ్గురి కంటే ముందే లేచి, మేం కళ్లు నులుముకునేసరికి బొంత ఎండేసి, సూదులు చదివేసి వస్తుంది. ఒంట్లో వేడి లేని మనిషి అలా ఉంటుందా?

పద్నాలుగో రోజు. చలి -1.

గాసెమ్మ 26 మీద అర. ఎర్ర గీత, రెండు. రేపు మూడోది పడితే శిబిరం లేదు.

మత్స్యలింగం దిగడానికి మూటలు సిద్ధం చేయమన్నాడు. అతన్ని తప్పు పట్టను. గాసెమ్మ కూడా తన గిన్నె, తన గొంగడి మూటకట్టింది. నిదానంగా, మడత మీద మడత వేసి కట్టింది.

నేను చిన్న పిల్లల ప్రశ్న ఒకటి అడిగాను. బొంతలు మార్చి చూశాం కదా, మనుషుల్ని మార్చి చూడలేదేం? నేను ఆవిడ చోట పడుకుంటాను, ఆవిడ నా చోట. నా ఒంట్లో వేడికి లోటు లేదు, వయసు ముప్పై నాలుగు. నేను హాయిగా లేచి, ఆవిడ చల్లగా లేస్తే వయసే కారణమని ఒప్పుకుంటాను. మత్స్యలింగం ఆలోచించి, మూడో గీత పడకముందు చోటు మారిస్తే నియమం అడ్డు రాదన్నాడు. నా ఊయల పైన ఉంది, ఆవిడ మోకాళ్లు ఎక్కలేవు. ఇందిర కప్పీ కట్టి, మూటని లాగినట్టు ఆవిడని పైకి లాగింది. గాసెమ్మ గాల్లో కాళ్లు వేలాడేసుకుని, సిన్నప్పుడు కూడా నన్నెవులూ ఇంత ముద్దుగా ఎత్తుకోలేదని నవ్వింది.

పదిహేనో రోజు. చలి -2.

గాసెమ్మ 33. నేను 27.

గీత వరస తెగింది. వయసు కాదు, బొంత కాదు. చోటు!

ఈ రోజు ఎక్కువ రాయాలి. పొద్దున్న చలికి మెలకువ వచ్చింది. వీపు కింద ఎవరో తడిగుడ్డ పరిచినట్టు ఉంది. ఊయల పక్క నుంచి చెయ్యి కిందికి దించి బొంత అడుగు తడిమాను. నిజంగానే తడి. పైవైపు కాదు, నా ఒంటివైపు కాదు, నేలవైపు. వేళ్లు చూసుకుంటే నీళ్లు.

అలవాటు కొద్దీ లేచి, బొంత విప్పి, ఎండేయడానికి తాడు దగ్గరకి తీసుకెళ్లాను. ఒక అంచు తాడు మీద వేసి ఆగిపోయాను. రోజూ సాయంత్రం బొంత పరీక్షించేవాణ్ణి. పొడిగా, మెత్తగా, ఎండ వాసనతో ఉండేది. ఉండదా మరి? లేవగానే ఎండేయమని ఆజ్ఞ ఇచ్చింది నేనే కదా. పదమూడు రోజులుగా నాకు కావలసిన సాక్ష్యాన్ని రోజూ పొద్దున్నే ఎండలో ఆరబెట్టించి, సాయంత్రం వచ్చి అది ఎక్కడుందా అని కోడి ఈక పట్టుకుని వెతికాను. ఆ రోజు ఇందిర బొంత కూడా అక్కడ తడిసే ఉంటుంది, దాన్నీ గాసెమ్మే ఎండేసింది. మా తాత బతికి ఉంటే నులకతో కొట్టేవాడు.

అయితే ఇంకో సంగతి మిగిలింది. ఆ తడి ఆవిడకి తెలిసే ఉండాలి. ఎందుకు చెప్పలేదు? ఇందిర ఆవిడని కిందికి దించాక బొంత చూపించి అడిగాను. గాసెమ్మ తడిని ముట్టుకుంది, ముఖం తిప్పుకుంది. మత్స్యలింగం, ఇందిర దూరంగా వెళ్లాక చెప్పింది.

"నానే తడిపీసేననుకున్నాను తవిటీ. ఈ వొయసులో అలగే అవుతాది కొందరికి, మా యమ్మకీ అయ్యింది. అందుకే మీరు లేవకముందే ఎండేసీదాన్ని."

పదకొండు గడపల్ని నడిపించిన మనిషి, చలికి వణుకుతూ, సిగ్గుతో, చీకటి విడకముందే లేచి ఒంటరిగా బొంత ఎండేసుకుంది. నేనేమో పుస్తకంలో అంకెలు రాసుకున్నాను. పెద్దమ్మా, రాత్రి ఆ ఊయలలో పడుకున్నది నేను, నేను కూడా తడిపానంటావా అన్నాను. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, ఏమో, నీ మొకం సూస్తే సెప్పలేం అంది. ఇద్దరం నవ్వాం. ఆవిడ నవ్వు నా కంటే ఎక్కువసేపు సాగింది, చివర్లో కళ్లు తుడుచుకుంది.

పదహారో రోజు. చలి -2.

తడి ఉందని తెలిసింది. ఎంత ఉంది, ఎక్కడిది? మనిషి చెమట కావచ్చు, మంచు కావచ్చు, నాకు తెలియనిది ఇంకేదైనా కావచ్చు.

సామాన్లు తూచే కొక్కెం కాటా తెచ్చి చెట్టుకి వేలాడదీశాను. సాయంత్రం నాలుగు బొంతలూ పొడిగా ఉన్నప్పుడు తూచి రాసుకున్నాను. గాసెమ్మ నా ఊయలలో. నేను మత్స్యలింగం ఊయలలో సర్దుకున్నాను, అతని మోకాలు నా పక్కటెముకలో గుచ్చుకుంది, అది వేరే పుస్తకంలో రాయాలి. ఆ కింది మద్దిచెట్ల మధ్య ఊయల ఖాళీగా వదిలేసి, దాని అడుగు బొంత మాత్రం ఎప్పటిలాగే కట్టి ఉంచాను. మనిషి లేకుండా బొంత తడిస్తే, ఆ తడి మనిషిది కాదు.

అందరికీ కొత్త ఆజ్ఞ ఇచ్చాను. నేను తూచే వరకూ ఎవరూ బొంత ఎండేయకూడదు.

పదిహేడో రోజు. చలి -3.

మత్స్యలింగం ఊయల బొంత, ఇద్దరు పడుకున్నది, 50 గ్రాములు పెరిగింది. ఇందిరది 30. గాసెమ్మ పడుకున్నది 30. అది చెమట, మంచు.

కింది మద్దిచెట్ల బొంత, ఎవరూ పడుకోనిది, నిన్న 1,620. ఈ రోజు 1,890.

రెండు వందల డెబ్బై గ్రాములు! మూడుసార్లు తూచాను. కాటా పాడైందేమో అని బెల్లం అచ్చు తూచి చూశాను, సరిగ్గా ఉంది. బొంత నేలవైపు గుడ్డ అంచుల్లో చుక్కలు వేలాడుతున్నాయి.

ఆ చోట నేల నుంచి ఏదో ఆవిరి లేస్తోంది. చుట్టూ పొగమంచే ఉన్నప్పుడు అందులో మరో పొగ ఎవరికి కనిపిస్తుంది? మత్స్యలింగానికి ఒక అనుమానం వచ్చింది. నీటి ఆవిరైతే వెచ్చగా ఉండాలి కదా, అక్కడ చలి ఎందుకేసింది అని. దానికి జవాబు గాసెమ్మ దగ్గర ఉంది. పుష్యమాసంలో నూతి నీళ్లు తోడితే పొగలొస్తాయి కదా, ఆ పొగకి మొకం పెడితే ఎచ్చగుంటాది, తరవాత మొకం ఆరకపోతే కొరికేస్తాది అంది. అంతే. వెచ్చటి ఊపిరి చల్లటి గుడ్డకి తగిలి నీరైంది, నీరు దూదిలోకి దిగింది, తడిసిన దూది చలిని ఆపలేకపోయింది. నేను చలి అనుకుని పోరాడింది నీటి ఊపిరితో.

గాసెమ్మ ఆ బొంతని రెండు చేతులా తీసుకుని ముఖానికి ఆనించుకుంది. అలాగే ఉండిపోయింది. మత్స్యలింగం కదలబోతే ఇందిర అతని చెయ్యి పట్టుకుని ఆపింది. పాత మూతి చుట్టూ పన్నెండు సూదులు పెట్టి పంతొమ్మిదేళ్లు అక్కడే వెతికాం. ఊట ముప్పై అడుగులు కిందికి జరిగి వస్తోంది. ఆవిడ మోకాళ్లు వంగవని, ఎక్కలేదని, ఆ చోట ఆవిడ ఊయల కట్టాం.

"ఎతకబోయిన తీగ కాలికి తగిలిందంటారు," అంది చివరికి. "నాకు ఈపుకి తగిలింది."

మత్స్యలింగం కచేరీకి కబురు పెట్టాడు. ఒక కొత్త సూది దించడానికి అనుమతి అడిగాడు.

పద్దెనిమిదో రోజు. చలి -2.

అనుమతి వచ్చింది. ఇందిర తాడుకి వేలాడుతూ, నేల తగలకుండా, మద్దిచెట్ల మధ్య సూది దించింది. మోచేతి లోతు వరకూ పొడి. బారెడు లోతులో తడి. సూది చదివే పని గాసెమ్మకే ఇచ్చాం. ఆవిడ చదివి అంకె చెప్పలేదు, ఉందిరా అంది. మత్స్యలింగం అంకె తర్వాత రాసుకున్నాడు.

సాయంత్రానికి కచేరీ జవాబు వచ్చింది. జోడుబండ సెలవు రద్దు కాదు. ఇంకో ఏడేళ్లు పొడిగించారు. కొత్త ఊట కాబట్టి రేపు సూర్యుడు నడినెత్తికి వచ్చేలోగా మనుషులు, తాళ్లు, అన్నీ తీసేసి దిగిపోవాలి. ఏడేళ్ల వరకూ ఎవరూ ఎక్కకూడదు.

గాసెమ్మ వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. ఏడేళ్లకి అరవై తొమ్మిది. అప్పుడు కొండెక్కనివ్వరు, ఆవిడ ఆ నీటిని కళ్లతో చూడదు. అది మా అందరికీ ఒకేసారి అర్థమైంది. ఆవిడే అంది, నీరు వొస్తాది గదా, నాను సూడ్డమేటి, అది సూసుకోదేటి అని. రెండు గీతలు గీసిన చేతితో ఇది రాస్తున్నాను.

పంతొమ్మిదో రోజు. చలి -2. చివరి రోజు.

నిన్న రాత్రి కూడా మద్దిచెట్ల మధ్య బొంతని కట్టి ఉంచమని గాసెమ్మ అడిగింది. కట్టాను. పొద్దున్న తూస్తే 1,910. ఆవిడ కింది అంచు మెలిపెట్టి గట్టిగా పిండింది. నా గిన్నె మూత పట్టాను. మూడు చెంచాలు వచ్చాయేమో. మూత నలుగురి చేతులూ మారింది. పాత చీర రంగు వాసన, దూది వాసన, దాని వెనక మట్టి వాసన. ఇందిర బాగుందంది. మత్స్యలింగం తాగి, అత్తా, పాత ఊట నీరులగే ఉందా అని అడిగాడు. కొంచెం సీర రుసి ఎక్కువైందని చెప్పింది.

ఆ తర్వాత నేను బొంత ఎండేయబోతే వద్దంది. కచేరీ నియమం ప్రకారం బొంతలు పొడిగా అప్పగించాలి. ఆ మాట చెప్పాను. ఆవిడ నా చేతిలోంచి బొంత లాక్కుని చుట్ట చుట్టి, గొంగడితో వీపుకి కట్టించుకుంది. కింద పది గడపల వాళ్లు ఎదురు చూస్తున్నారట, ఇందిర కబురు పెట్టింది. ఒట్టి మాట ఎవరు నమ్ముతారు, ముట్టుకుని చూడాలి కదా అంది. దారిలో ఆరిపోతుందేమో అని నేనంటే, అందుకే నడక బేగి కానీమంది.

అడుగు రాళ్ల మీద ఆవిడ ముందు, వెనక నేను. మోకాళ్లు వంగని మనిషి మా అందరి కంటే ముందు దిగింది. మధ్యలో ఒకచోట ఆగి, వీపు బిళ్ల ఇంకా నడుముకే ఉందిరా, విప్పడం మర్చిపోయానంది. చూశాను.

కింది నుంచి రాస్తున్నాను.

బొంతల అప్పగింత. మొత్తం నాలుగు. మూడు పొడి. ఒకటి తడి, ఎండేయలేదు, బాధ్యత నాది. దాన్ని ప్రస్తుతం పదిమంది ముట్టుకుంటున్నారు, ఖాళీ అయ్యాక తెచ్చి ఇస్తాను.

వంతల గాసెమ్మ, వీపు 26. ఎర్ర గీత గీశాను. కారణం: ఊట.